చిత్రకారుల ఊళ్ళో అల్ ఖౌద్ వంటిల్లు

ఇస్త్రీ చేస్తున్న చొక్కా ఎడమచెయ్యి దగ్గరుండగా సూర్యప్రకాశ్ తను రాసిన ఉత్తరం చదవడం మొదలుపెట్టాడు. శేషుకుమారి కుడిచెయ్యి, వీపు, కాలరు అన్నీ ముగించి మళ్ళీ ఎడమచేతికి వచ్చింది గానీ ఉత్తరం మాత్రం రెండో పేజీ దాటలేదు. అది వీసా కోసం రాసిన ఉత్తరం. ఫ్రాన్సులో ఒక పల్లెటూరుంది. ఎప్పుడో తాతల కాలంలో చిత్రకారులంతా అక్కడ చేరి, కనిపించిన చెట్టునీ చెరువునీ గడ్డివామునీ ఒక్కదాన్నీ విడిచిపెట్టకుండా బొమ్మలు వేసేసి ఊరి పేరు లోకమంతా మోగించారు. ఆ పేరు ఫ్రెంచిలో ఉంటుంది. సూర్యప్రకాశ్ దాన్ని సోమవారం ఒకలాగా, గురువారం ఇంకొకలాగా పలుకుతుంటే ఏది అసలుదో తేలక, ఇంట్లో దాన్ని చిత్రకారుల ఊరని పిలుచుకోవడం మొదలుపెట్టారు. మస్కట్‌లో ఉండే తెలుగువాళ్ళు పదిమంది కలిసి ఏప్రిల్‌లో పారిస్ చూసి, అక్కణ్ణించి ఆ ఊరు వెళ్ళి రెండు రోజులుండి రావాలని ప్రయాణం కట్టారు.

“ఈ వాక్యం వినవే శేషూ,” అని సూర్యప్రకాశ్ గొంతు సవరించుకున్నాడు. “మీ పవిత్ర గ్రామాన్ని దర్శించడం నా జన్మజన్మల కోరిక. ఒక్కసారి ఆ మట్టి మీద కాలు పెడితే చాలు, ఇక వెనక్కి తిరిగి రాకపోయినా నాకు చింత లేదు. అక్కడే ప్రాణం పోయినా ధన్యుణ్ణే. ఎలా ఉంది?”

“వీసా ఇచ్చేవాళ్ళకి అంత రాయాలాండీ?”

“నీకు తెలీదు. వాళ్ళు కళాపోషకులు. పొడిపొడిగా రాస్తే పనవదు. గుండె కరగాలి.”

వాళ్ళ గుండె మాట తర్వాత, ఇస్త్రీపెట్టె కింద చొక్కా గుండీ మాత్రం కరిగింది. “చూసుకోవద్దూ!” అన్నాడాయన. ఇరవై మూడేళ్ళుగా వింటున్న మాటే కాబట్టి ఆమె గుండీలడబ్బా తెచ్చుకుని కూర్చుంది. సూర్యప్రకాశ్ కట్టడాల కంపెనీలో సీనియర్ ఇంజినీరు. ముప్పై అంతస్తుల బరువు ఏ స్తంభం మీద ఎంత పడుతుందో కాగితం చూడకుండా చెప్పగలడు. ఇంట్లో తువ్వాళ్ళు ఎక్కడుంటాయో మాత్రం చెప్పలేడు.

ఈ ప్రయాణం సంగతి మొదట తెచ్చింది రాజేశ్వరి. మస్కట్ శివారు అల్ ఖౌద్‌లో వీళ్ళ వీధి చివరే ఉంటుంది, ఊరు హైదరాబాదు, బ్యాంకులో ఉద్యోగం. ఏ రోజు ఏం చూస్తారో రాసిన జాబితా ఆమె ఫోనుకి పంపితే శేషుకుమారి పప్పు కుక్కర్లో పెట్టి, విజిల్ వచ్చేలోగా చదివింది. పారిస్ దగ్గర ఆమె కళ్ళు ఆగలేదు. ఆఖరి లైను దగ్గర ఆగాయి. ‘శుక్రవారం పదకొండు గంటలకు పాత చిత్రకారుల పనిశాలలో గంటసేపు మీరే ఒక బొమ్మ వేసుకోవచ్చు. రంగులు, కుంచెలు, అట్ట వాళ్ళే ఇస్తారు.’ ఏడు విజిల్స్ వచ్చాయి. పప్పు కాస్తా సాంబారుకి కూడా పనికిరానంత మెత్తబడింది. ఆ లైను ఎన్నిసార్లు చదివిందంటే, ఫోను అద్దం మీద ఆ మేరకు వేలి గీత పడిందని చెబితే నమ్మేవాళ్ళు నమ్మండి.

ఆమె భీమవరంలో జువాలజీ చదివింది. అందరూ రికార్డు పుస్తకంలో కప్పని గీస్తే పకోడీలా వచ్చేది, ఆమె గీస్తే పేజీలోంచి గెంతేలా ఉండేది. దాంతో క్లాసులో పదిహేడు మంది రికార్డుల్లో ఆమె కప్పలే ఈదాయి. పరీక్షకి వచ్చిన పెద్దమనిషి పుస్తకాలన్నీ తిరగేసి, ఈ కాలేజీ కప్పలన్నీ ఒకే తల్లి పిల్లల్లా ఉన్నాయే అన్నాట్ట. ఆ పదిహేడు మందిలో ముగ్గురికి ఆమెకంటే ఎక్కువ మార్కులొచ్చాయి. పెళ్ళయ్యాక ఆడపడుచు రికార్డులు, ఆ తర్వాత కూతురు రిషిత స్కూలు చార్టులు, ఆ తర్వాత రిషిత స్నేహితురాళ్ళ చార్టులు. అన్నీ ఇంకొకరి పేరు రాసుకోవడానికి కింద కాస్త చోటు వదిలి వేసిన బొమ్మలే. “బొమ్మలదేముందే, ఖాళీగా ఉన్నవాళ్ళెవరైనా వేస్తారు,” అని సూర్యప్రకాశ్ ఒకసారి అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆమె చేతుల నిండా గారెల పిండి ఉంది. ఈ గంట సంగతి చెప్పినప్పుడు కూడా ఆయనకో మంచి ఆలోచన వచ్చింది. “ఆ గంట మనకెందుకులే. నువ్వు ఆ టైముకి పెట్టెలు సర్దేశావనుకో, రైలు దగ్గర హడావుడి ఉండదు.” ఆ రోజు నుంచి ఆమె లోపల ఒక చిన్న మొండితనం, నానబెట్టిన శనగలా ఉబ్బడం మొదలుపెట్టింది. పారిస్ లేకపోతే లేకపోయె. ఆ గంట మాత్రం కావాలి.

వీసా ఆఫీసుకి సోమవారం వెళ్ళారు. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం. అందుకని సూర్యప్రకాశ్ తనకి తొమ్మిదింబావుకీ, ఆమెకి ఎనిమిదిన్నరకీ సమయం తీసుకున్నాడు. “నీదేముంది, నా ఫైలు వెనకాల నీది. నా పని మాత్రం మంచి ఘడియలో పడాలి,” అన్నాడు. రాహుకాలంలో లోపలికెళ్ళిన శేషుకుమారికి మొదటే ఆటంకం. వేలిముద్రల యంత్రం ఆమె వేళ్ళని ఒప్పుకోలేదు. కౌంటర్లో కేరళ అమ్మాయి తుడిచింది, నొక్కింది, క్రీము రాసింది, మళ్ళీ నొక్కింది. “ఆంటీ, మీకు వేళ్ళున్నాయి గానీ ముద్రల్లేవు. మీరేం పని చేస్తారు?” అంది. శేషుకుమారి ఫారంలో అప్పటికే ఏ పనీ లేదని రాసి ఉంది. సూర్యప్రకాశ్ పూరించాడు. ఇరవై మూడేళ్ళ చింతపండు పులుసూ, అంట్లసబ్బూ, బాత్‌రూములు కడిగే మందూ కలిసి చేసిన పనిని ఏ గడిలో రాస్తారో తెలియక ఆమె నవ్వి ఊరుకుంది. ఆరోసారికి ఎడమచేతి చిటికెనవేలు కనికరించింది, దాన్ని చూసి మిగతావీ.

“మీ ఉత్తరం ఏది?” అంది ఆ అమ్మాయి. ఆమెకి ఉత్తరం లేదు. మూడు పేజీల ఉత్తరం భర్తకే ఉంది. “అయితే ఇక్కడే రెండు ముక్కలు రాసివ్వండి. ఎందుకు వెళ్తున్నారు, ఎందుకు తిరిగొస్తారు.” శేషుకుమారి కౌంటర్ మీద ఆనుకుని ఇంగ్లీషులో రాసింది. ‘బొమ్మలు చూడాలి, ఒక బొమ్మ వేయాలి. వారం కంటే ఎక్కువ ఉండడం కుదరదు, మా ఇంట్లో వండేవాళ్ళు ఇంకెవరూ లేరు.’

పద్నాలుగు రోజులకి పాస్‌పోర్టులు వచ్చాయి. ఆమె పాస్‌పోర్టులో వీసా ఉంది. ఆయన పాస్‌పోర్టులో ఒక కాగితం ఉంది. ‘దరఖాస్తుదారు తిరిగి వెళ్ళిపోతారని మాకు నమ్మకం కలగలేదు.’

సూర్యప్రకాశ్ ఆ కాగితాన్ని ముందు నుంచి, వెనక నుంచి, కళ్ళజోడు పెట్టుకుని, తీసేసి చదివాడు. “ఇదేంటి, ప్రాణం పోయినా ఫర్వాలేదన్నవాడి మీద నమ్మకం లేకపోవడమేంటి?” అన్నాడు. రెండు రోజులు దాన్ని జేబులోనే పెట్టుకు తిరిగాడు. మూడోరోజు కాఫీ తాగుతూ, గ్లాసు కింద పెట్టకుండానే, “సరే, రాజేశ్వరికి ఫోన్ చేసి మనం రావట్లేదని చెప్పెయ్,” అన్నాడు.

“మనం అంటే?”

“మనం అంటే మనమే. నేను లేకుండా నువ్వెలా వెళ్తావు?”

అదేమాట పాలకొల్లు నుంచి అత్తగారు కూడా అంది, కాస్త పెంచి. “మొగుడికి రాని వీసా నీకెలా వచ్చిందమ్మా? నువ్వేం చెప్పావు వాళ్ళకి?” వంటకోసం తిరిగొస్తానన్నానని చెబితే ఆవిడ ఇంకా నొచ్చుకుంటుందని శేషుకుమారి ఊరుకుంది. పుణె హాస్టల్ నుంచి రిషిత మాత్రం, “అమ్మా, నాన్నకి అన్నం పెట్టడానికి ఆ దేశంలో నాన్న ఉండడుగా. హాయిగా వెళ్ళు,” అంది. రాజేశ్వరి ఇంటికే వచ్చి సోఫాలో కూర్చుంది. “అన్నగారూ, టికెట్ డబ్బులు ఎట్లాగూ వాపస్ రావు. వదిన నాతోని వస్తది. రూములో నాతోనే ఉంటది. మీకేం పరేషాన్?” అంది. సూర్యప్రకాశ్ దానికి జవాబు వెతుక్కుంటూ భార్య వైపు చూశాడు. అలాంటప్పుడు జవాబు ఎప్పుడూ అక్కడే దొరికేది. తను వెళ్ళనంటుందని, అనాలని, అనేవరకూ చూస్తూనే ఉంటాడని శేషుకుమారికి తెలుసు. ఎన్ని ప్రయాణాలు ఈ చూపు దగ్గరే ఆగిపోయాయో కూడా తెలుసు. చెల్లెలి సీమంతం ఒకటి, కాలేజీవాళ్ళ కలయిక ఒకటి, కంటి పరీక్ష ఇంకొకటి. నోరు తెరిచింది. నోట్లోంచి వచ్చిన మాట ఆమెనే ఉలిక్కిపడేలా చేసింది.

“నేను వెళ్తానండీ.”

వెళ్తానన్నంత మాత్రాన వెళ్ళడం కుదురుతుందా? ఆరు రోజులు ఇల్లు వదలాలంటే ముందు ఆరు రోజుల వంట చెయ్యాలి. చేసింది. ఒక్కో డబ్బా మీద కాగితం అంటించి ఆదివారం వంకాయ, సోమవారం దొండకాయ అని రాసి ఫ్రీజరు నింపింది. ఎనిమిది చొక్కాలు ఇస్త్రీ చేసింది. బాత్‌రూములు కడిగింది. తన బట్టలు మాత్రం బయల్దేరే ముందు పావుగంటలో సర్దుకుంది.

ఆదివారం పొద్దున విమానం ఎక్కింది. ఆ సాయంత్రమే సూర్యప్రకాశ్ తల్లితో ఫోన్లో మాట్లాడుతూ, చార్జింగ్ అయిపోవస్తోందని దగ్గర్లో ఉన్న ప్లగ్గు పీకి తన చార్జరు పెట్టాడు. పీకింది ఫ్రిజ్ ప్లగ్గు. తల్లితో మాటలు అయిపోయాయి, ఫోను నిండింది, చార్జరు తీసి జేబులో వేసుకున్నాడు. ఫ్రిజ్ ప్లగ్గు తిరిగి పెట్టే సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆయన పెట్టలేదు. సోమవారం సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి తలుపు తీసేసరికి, అల్ ఖౌద్ నుంచి పక్క పేట మబేలా దాకా ఆ వాసనకి పిల్లులు వరసకట్టాయంటారు. అంత కాకపోయినా ఆరు రోజుల కూరలూ మున్సిపాలిటీ చెత్తపెట్టెలోకి పోయిన మాట నిజం.

ఫోన్లు అప్పుడు మొదలయ్యాయి.

ఇక్కడొక సంగతి చెప్పాలి. శేషుకుమారి వంటింట్లో ఏ డబ్బాలోనూ పైన రాసింది ఉండదు. కాఫీ సీసాలో వాము ఉంటుంది. హార్లిక్స్ సీసాలో పంచదార. ఐస్‌క్రీం డబ్బాలో ఇడ్లీపిండి. బిస్కెట్ల రేకుడబ్బాలో సూదులూ దారాలూ. జీడిపప్పు అని బంగారు రంగులో రాసి ఉన్న డబ్బాలో మేకులు. సీసా ఖాళీ అయితే పారెయ్యడానికి మనసొప్పదు, కొత్త డబ్బాలు కొంటానంటే “ఉన్నవి చాలవా?” అని అడిగే మనిషి ఉండనే ఉన్నాడు. ఏది ఎక్కడుందో రాసిన కాగితం ఎక్కడా లేదు. ఆమె తలలో ఉంది. ఆ తల ఇప్పుడు పారిస్‌లో పడవ మీద ఉంది.

“శేషూ, ఉప్పెక్కడ?” పడవ వంతెన కిందికి పోతోంది. “నీలం మూతదండీ.” “నీలంవి మూడున్నాయి!” “అడుగున సొట్టపడ్డది.” పడవ వంతెన దాటిపోయింది. అందరూ ఆహా అన్నారు. ఆమె వెనక్కి తిరిగి వంతెన వీపు చూసింది. గాజు మేడ ముందు నిలబడితే చింతపండు. పెద్ద గోపురం ముందు నిలబడితే వాషింగ్ మెషిన్. అద్దాల వెనక ఎవరో రాణి నవ్వుతున్న బొమ్మ దగ్గర, కాఫీలో వాము పడిందని గంటన్నర బాధ. “నువ్వక్కడ బొమ్మలు చూసుకుంటున్నావు, నేనిక్కడ వాము తాగుతున్నాను,” అన్నాడాయన. మొదటిసారి ఆమెకి జాలి కలిగింది. అయిదోసారికి నవ్వొచ్చింది. పదకొండోసారికి ఆమెకొక వింత సంగతి తట్టింది. ముప్పై అంతస్తుల బరువు లెక్కగట్టే మనిషి, మూత తీసి చూడడం అనే పని ఒక్కసారి కూడా చెయ్యలేదు. అడగడమే ఆయనకి తెలిసిన మార్గం. చెప్పడమే తనకి తెలిసింది. ఇద్దరిలో ఎవరిది ఎక్కువ తప్పు?

బుధవారం ఆ ఫోనులో ఇంకో గొంతు వినిపించింది. సూర్యప్రకాశ్ వంటింటి పంపు బలంగా తిప్పి విరగ్గొడితే, బాగు చెయ్యడానికి సైట్‌లో పనిచేసే భూమయ్య వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, మబేలాలో రూమ్. “అమ్మా, దండాలమ్మా. మీరు ఫికర్ జెయ్యకున్రి. సార్‌కు నేను గింత అన్నం పప్పు నేర్పిస్త. రూమ్‌ల మేం ఆర్గురం ఉంటం, వారానికొకలం వంతు. వొచ్చిన కొత్తల నాకు గూడ పొయ్యి ముట్టియ్యరాకుండె. ఆకలైతె అన్నీ అవ్వే వొస్తయి.” వెనకనుంచి సూర్యప్రకాశ్, “నాకు రాదని ఎవరన్నారయ్యా?” అంటున్నాడు. “అవు సార్, మీకు అన్ని వొస్తయి. ముందుగాల్ల గా బియ్యం కడుగున్రి.” సీనియర్ ఇంజినీరు బియ్యం కడుగుతున్న చప్పుడు ఫ్రాన్సుదాకా వినిపించింది. రాజేశ్వరి ఫోనుకి చెవి ఆనించి విని, “వదినా, గిది నువ్వు రికార్డ్ చెయ్యాలె,” అంది.

గురువారం చిత్రకారుల ఊరు చేరారు. రాళ్ళు పరిచిన సన్నని వీధులు, కిటికీల కింద పూలకుండీలు. ఏ ఇంటి ముందు ఆగినా, ఈ ఇంట్లో ఫలానా చిత్రకారుడు ఉండేవాడు, పొద్దున వెలుగులో ఒక బొమ్మ, మధ్యాహ్నం వెలుగులో ఒక బొమ్మ, ఒకే చెరువుని ఏళ్ళ తరబడి వేశాడు అని ఊరు చూపించే ఆవిడ చెప్పేది. శేషుకుమారి మూడు ఇళ్ళ దాకా ఆగి నాలుగో ఇంటి దగ్గర అడిగేసింది. “పొద్దుణ్ణుంచీ సాయంత్రం దాకా చెరువు దగ్గరే ఉంటే, వంట ఎవరు చేసేవారు?” ఆవిడ తెల్లబోయింది. “భార్య అయ్యుంటుంది. ఇంతవరకూ ఎవరూ అడగలేదు,” అంది. తర్వాతి రెండిళ్ళ దగ్గరా ఆవిడే ముందుగా, శేషుకుమారి వైపు తప్పుచేసినదానిలా చూస్తూ, “ఇక్కడ కూడా భార్యే,” అని చెప్పింది.

శుక్రవారం పదకొండయింది. ఒమన్‌లో ఒంటిగంట. పనిశాల అంటే పాత గడ్డికొట్టం. పైకప్పులో పెద్ద అద్దాలు పెట్టారు, వెలుగు నేరుగా నెత్తిమీద పడుతోంది. మదామ్ అని అందరూ పిలిచే ఒక ముసలావిడ తలా ఒక అట్ట, అయిదు రంగులు, మూడు కుంచెలు ఇచ్చింది. ఎవరికి నచ్చింది వాళ్ళు వేసుకోవచ్చంది. రాజేశ్వరి వెంటనే ఒక ఆవుని మొదలుపెట్టింది, అది కాసేపటికి గులాబీరంగు సోఫాలా తయారైంది. అందరూ పూలో చర్చి గోపురమో వేస్తున్నారు. శేషుకుమారి అట్ట మాత్రం తెల్లగానే ఉంది. కప్పలు గీయమంటే కళ్ళు మూసుకుని గీస్తుంది. తన కోసం ఒకటి గీసుకోమంటే ఏం గీయాలి? ఎవరూ ఏదీ అడగలేదు. ఎవరి పేరుకీ కింద చోటు వదలక్కర్లేదు. ఇంత ఖాళీని ఆమె ఎప్పుడూ చూడలేదు.

ఫోను మోగింది.

“శేషూ, కొంప మునిగింది. ఫక్రుద్దీన్ సాబ్‌ని భోజనానికి పిలిచాను. జుమ్మా నమాజ్ అయిపోయింది, రెండింటికల్లా వచ్చేస్తారు. నా చేత్తో పప్పుచారు పెడతానని మాటిచ్చాను. పోపులోకి ఇంగువ ఎక్కడ?” ఫక్రుద్దీన్ సాబ్ ఆయన పై అధికారి. ఇంగువ దొరక్కపోతే ఉద్యోగం పోదు గానీ ఆ గొంతు వింటే పోతుందనే అనిపించింది. ఆమె ఫోనుని చెవికీ భుజానికీ మధ్య నొక్కుకుంది. చేతులు పనిలో ఉన్న ఆడవాళ్ళకి అదొక మూడో చెయ్యి. “స్టవ్‌కి ఎడమపక్క రెండో అర. చివర్న పొడుగ్గా, పసుపుపచ్చ డబ్బా.” అంటూ అంటూ, కుడిచెయ్యి తనంతట తానే పసుపు రంగులో కుంచె ముంచి, అట్టమీద ఎడమపక్క, రెండో అర చివర్న, పొడుగ్గా ఒక గీత గీసింది. “ఎండుమిర్చి?” “కింది అర, గాజు సీసా, మూత ఆకుపచ్చ. కాస్త పగిలింది.” ఆకుపచ్చ పడింది, పగులు కూడా పడింది. “నెయ్యి?” “కిటికీ గట్టు మీద స్టీలు గిన్నె, పక్కన కొత్తిమీర కుండీ.” గట్టు వచ్చింది, కిటికీ వచ్చింది, కిటికీలోంచి ఎదురింటి నీళ్ళ ట్యాంకు, దాని మీద మధ్యాహ్నపు ఎండ తెల్లగా వచ్చాయి. వెనకాల భూమయ్య, “సార్, పప్పు అడుగంటుతున్నది,” అంటున్నాడు. “గరిట, శేషూ, గరిట!” “గోడకి మూడో మేకు.” మూడో మేకుకి గరిట వేలాడింది. ఆయన ఫోను పెట్టేశాడు.

శేషుకుమారి అట్ట వైపు చూసి అదిరిపోయింది. ఇంత దూరం వచ్చి, విమానాలెక్కి దిగి, చెరువులూ పూలూ వదిలేసి, తను వేసింది అల్ ఖౌద్ వంటిల్లు. ఏడుపొచ్చింది. కాసేపు తనమీద తనకే కోపం వచ్చింది. బొమ్మని వెనక్కి తిప్పేద్దామనుకుని, తిప్పబోతూ మళ్ళీ చూసింది. చూస్తే వదల్లేకపోయింది. డబ్బాల్లో దేని రంగు దానికుంది. పసుపు డబ్బా అంచున, మూత పెట్టి పెట్టి అరిగిన చోట రేకు మెరుస్తోంది. స్టవ్ ముందు నేల మీద రెండు చోట్ల పలక రంగు వెలిసి ఉంది. రోజుకి ఇన్ని గంటల చొప్పున ఇరవై మూడేళ్ళు రెండు పాదాలు ఆనిన చోటు. అది ఇల్లు తుడిచినప్పుడు కూడా తనకెప్పుడూ కనబడలేదు. చేతికి మాత్రం తెలుసన్నమాట.

మదామ్ వచ్చి వెనక నిలబడింది. బొమ్మని ఈ అంచు నుంచి ఆ అంచుదాకా చూసింది. తర్వాత వచ్చీరాని ఇంగ్లీషులో, కుంచె చివరతో ఆ రెండు వెలిసిన చోట్లనీ చూపించి, “ఇక్కడ మనిషి?” అంది.

శేషుకుమారి నీలంరంగు తీసుకుంది. తన నైటీ నీలంది, తెల్లపూలవి. కుంచె ఆ చోటు మీదికి వచ్చి ఆగింది. అప్పుడు ఫోను మళ్ళీ మోగింది. తెరమీద ఆయన పేరు వెలుగుతోంది. పప్పుచారులో ఏదో తక్కువై ఉంటుంది. ఆమె ఆ పేరు వైపు చూసింది, కుంచె కొస మీద నిలిచిన నీలంబొట్టు వైపు చూసింది. గంటలో ఇంకా ఇరవై నిమిషాలుంది. ఫోనుని రంగుల గుడ్డలో చుట్టి బల్ల కింద పెట్టింది. గుడ్డలో అది చాలాసేపు తేనెటీగలా కొట్టుకుంది. ఎనిమిదిసార్లని తర్వాత ఆయన చెప్పాడు, ఎనభైసార్లని అత్తగారికి చెప్పాడు. ఆ ఇరవై నిమిషాలూ శేషుకుమారి కిటికీలో ఎండని సరిచేసుకుంది. ఆ రెండు చోట్లనీ అలాగే వదిలి, కుంచె మీది నీలంరంగు కడిగేసింది. కింద, మూలన, ఎవరి కోసమూ చోటు వదలకుండా, తన పేరు రాసుకుంది.

శనివారం ఇంటికి వచ్చింది. సూర్యప్రకాశ్ గుమ్మంలోనే మొదలుపెట్టాడు. “నువ్వు ఫోనెత్తకపోతే ఏమైందో తెలుసా? భూమయ్య ప్రతి డబ్బా మూతా తీశాడు. వాసన చూశాడు. పావుగంటలో అన్నీ తేలిపోయాయి. ఫక్రుద్దీన్ సాబ్ మూడుసార్లు వేయించుకుని, సూర్యా, క్యా బాత్ హై అన్నారు.” ఆ పావుగంట మాట చెప్పినప్పుడు ఆయన గొంతులో గర్వం తప్ప ఇంకేమీ లేదు. ఇరవై మూడేళ్ళలో అలాంటి పావుగంటలు ఎన్నుంటాయో లెక్క ఆయనకి తట్టలేదు. ఆమె అట్ట విప్పి స్టవ్‌కి ఎదురుగోడకి ఆనించింది.

“ఇదేంటి? ఫ్రాన్సు వెళ్ళి మన వంటిల్లు గీసుకొచ్చావా? ఒక పువ్వో, ఒక తోటో గీయకూడదూ!” అన్నాడు. తర్వాత దగ్గరికి వెళ్ళాడు. కళ్ళజోడు పెట్టుకున్నాడు. వేలితో ఒక్కో డబ్బా తడిమాడు. “ఇది ఉప్పు. సొట్ట కూడా వేశావే! ఇది ఇంగువ. ఓసి నీ... ఇది ముందే గీసి గోడకి పెట్టి వెళ్ళుంటే నాకు ఇన్ని ఫోన్లు తప్పేవి కదే!”

“అందుకేనండీ, గోడకి కొట్టించండి.”

సాయంత్రం భూమయ్య డ్రిల్లు పట్టుకుని వచ్చాడు. మేకు కోసం సూర్యప్రకాశ్ ఎవరినీ అడక్కుండా జీడిపప్పు డబ్బా తీశాడు. శేషుకుమారి ఆ దృశ్యాన్ని కళ్ళారా చూసింది. బొమ్మ గోడకెక్కింది. భూమయ్య రెండడుగులు వెనక్కి జరిగి, “ఔ సార్, గిదంత మీ ఇల్లే! గింత కూడ ఫరక్ లేదు. అమ్మ గీత మస్తున్నది,” అన్నాడు. ఆ మాటకి సూర్యప్రకాశ్ తనే గీసినట్టు తల ఊపాడు.

శేషుకుమారి సంచీలో కొత్త బొమ్మల పుస్తకం పెట్టుకుంది. పొద్దున విమానాశ్రయం నుంచి వస్తూ దారిలో స్టేషనరీ కొట్లో కొంది. అల్ ఖౌద్ వాగు అవతల పాత మట్టిగోడలున్నాయి, పొద్దు వాలేముందు అరగంట వాటి రంగు చిత్రంగా మారుతుందని ఇన్నేళ్ళూ కారు అద్దంలోంచి చూడడమే గానీ దిగి చూసింది లేదు. రాజేశ్వరి కింద కారు హారన్ కొడుతోంది.

“ఇప్పుడెక్కడికే? రాత్రికి వంట?” అన్నాడు సూర్యప్రకాశ్.

“వెలుగు పోతుందండీ. ఎనిమిదికల్లా వచ్చేస్తాను. నాకూ కలిపి వండండి.”

ఆయన నవ్వాడు, వేళాకోళమనుకుని. ఆమె చెప్పులు వేసుకుంటుంటే చూసి నవ్వు ఆపాడు. మళ్ళీ బొమ్మ వైపు తిరిగాడు. పై నుంచి కింది దాకా వెతికాడు. “అన్నీ గీశావు గానీ స్టవ్ ముందు ఖాళీగా వదిలేశావేం? నిన్ను నువ్వే మర్చిపోయావు చూడు!”

“మర్చిపోలేదండీ,” అంది శేషుకుమారి గుమ్మం దాటుతూ. “అక్కడ ఎవరు నిలబడాలో ఇంకా తేలలేదు.”